పెద్దరికము

విజయనగరమునుండి కొరాపుట్టునకు పోవు 26వ నంబరు జాతీయ రహదారిమీద, మన్యపు కొండల మొదట, వేగావతీ నదీతీరమున సాలూరు పట్టణము కలదు. చూచుటకు చిన్న యూరే. అయినను విజయవాడ తరువాత లారీలు అంత విస్తారముగా నున్న యూరు తెలుగునాట ఇదియేయని చిరకాలముగా ప్రతీతి. సముద్రతీరపు సరకు కొండలెక్కవలెనన్నను, ఒడిస్సా, ఛత్తీసుగఢ ప్రాంతముల సరకు దిగివచ్చి రేవు చేరవలెనన్నను ఈ త్రోవ దగ్గర. అందుచే ఇచ్చటివారు లారీలు కొనుట, నడపుట, మరమ్మతు చేయుట, కొత్త చాసిస్సు తెచ్చి దానికి కొయ్యతోను ఇనుముతోను బాడీ కట్టుట జీవనోపాధిగా చేసికొనిరి. ఈ యూరు 1979వరకు శ్రీకాకుళము జిల్లాలోను, పిమ్మట విజయనగరము జిల్లాలోను ఉండి, 2022లో పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినది. జిల్లా మారినను వ్యాపారము మారలేదు.

లారీ బయలుదేరిన యింట ఇల్లాలికి నాలుగు దినములో, వారమో ఎదురుచూపు. భర్త డ్రైవరైనను, కొడుకు క్లీనరుగా పోయినను ఆ యెదురుచూపులో భేదము లేదు. అప్పుడామె తలచునది సరకును కాదు, కిరాయిని కాదు. తనవాడు ఎట్టివారి చేతిక్రింద పనిచేయుచున్నాడో ఆ సంగతి. జీతమెంతయని అడుగువారు ఊరివారు. ఓనరు ఎట్టివాడని అడుగునది తల్లి. ఆ తల్లి ప్రశ్ననే మేము ఈ మాసమున విచారింపదలచితిమి. తమ చేతిక్రింద పనిచేయు వారియెడ పెద్దవారు నడచుకొనవలసిన తీరెట్టిది? కచ్చేరీలలోను కళాశాలలలోను ఇప్పుడు దీనిని లీడర్‌షిప్ అనుచున్నారు. మన తెలుగున పెద్దరికమను మాట ఎప్పటినుండియో కలదు. ఇల్లు దిద్దుకొను స్త్రీకి ఈ మాటయే దగ్గర. "ఆవిడ తన పెద్దరికము నిలుపుకొన్నది" అనినప్పుడు ఆమె అధికారము చెలాయించినదని ఎవరును అర్థము చేసికొనరు గదా.

సాలూరు దాటి పాచిపెంట వైపు పోవగా ఘాటు రోడ్డు మొదలగును. ఎక్కునప్పుడు కంటె దిగునప్పుడే ప్రమాదమెక్కువ. నిండు సరకుతోనున్న లారీని చిన్న గేరులో పెట్టి మెల్లగా దింపవలెను. అట్లుగాక బ్రేకునే నమ్ముకొని తొక్కుచు వచ్చినచో చక్రముల లోపలి డ్రమ్ములు కాగిపోయి, కొంతసేపటికి బ్రేకు పట్టు తప్పును. అంతకు ముందుగా కాలిన వాసన వచ్చును. ఆ వాసన అనేకపర్యాయములు మొదట తెలియునది క్లీనరు కుఱ్ఱవానికి. టైర్లను తట్టి చూచుట, త్రాళ్లు బిగించుట, బండి ఆగినప్పుడు చక్రము క్రింద అడ్డుచెక్క వేయుట వాని పనులు గనుక వాని కన్నును ముక్కును ఎల్లప్పుడును బండిమీదనే యుండును.

ఇప్పుడు సోదరీమణులు ఒక్క క్షణము ఆలోచింపవలెను. నోరు విప్పిన ప్రతిసారియు "నీకేమి తెలియునురా" అని చెంపదెబ్బ తినిన కుఱ్ఱవాడు ఆ వాసన తగిలినప్పుడు చెప్పునా? చెప్పడు. ఒకవేళ తన ముక్కుదే పొరపాటేమోయని ఊరకుండును. డ్రైవరునకు తెలియవలసిన సమయమున తెలియదు. దెబ్బకు వెరచి వాడు మ్రింగిన మాట ముగ్గురి ప్రాణములకు ముప్పు తేగలదు. కనుక చేతిక్రిందివారిని భయపెట్టి పనిచేయించుకొనుట కఠినమైన మార్గమే గాని గట్టి మార్గమని మాత్రము అనరాదు. భయము మొదట నోరు మూయును. నోరు మూతపడిన చోట తప్పులు తక్కువగా కనబడును, ఎక్కువగా జరుగును.

ఇది మా యూహ మాత్రమే కాదు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఎమీ ఎడ్మండ్సన్ అను విదుషి 1990 తరువాతి దశాబ్దమున ఆసుపత్రులలో రోగులకు మందులిచ్చుటలో జరుగు పొరపాట్లను పరిశీలించెను. నర్సులపై పెద్దగానున్నామె మంచిదై, అందరును కలసికట్టుగా పనిచేయు వార్డులలో పొరపాట్లు తక్కువగా నుండునని ఆమె ముందుగా తలచినది. తీరా లెక్క చూడగా అట్టి వార్డులలోనే ఎక్కువ పొరపాట్లు నమోదై యుండెను! ఆమె ఆశ్చర్యపడి మరల విచారింపగా తెలిసినదేమనగా, మంచి వార్డులలోని నర్సులు పొరపాటు జరిగినప్పుడు దాచక చెప్పుచున్నారు. అందుచే అవి పుస్తకమునకెక్కుచున్నవి, దిద్దుబడుచున్నవి. పెద్దామె కసరుకొను వార్డులలో నర్సులు దాచుచున్నారు. పుస్తకము శుభ్రముగా నున్నది, రోగి గతి దేవుడెరుగును. ఇంటిలో పగిలిన గాజుగిన్నె ముక్కలు బీరువా వెనుక దొరకిన గృహిణి ఈ పరిశోధనను ఇట్టే గ్రహింపగలదు.

లారీ పనివారి విషయమున 1961లో భారత ప్రభుత్వము మోటారు రవాణా కార్మికుల చట్టమును చేసి, దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించి పనిచేయింపరాదనియు, దూరప్రయాణము వంటి సందర్భములలో మాత్రము 10 గంటలవరకు సడలింపు కలదనియు నియమించినది. చట్టము కాగితముమీద నుండును. రాత్రి రెండుగంటలవేళ కొండరోడ్డుమీద నుండునది ఓనరు మాట. "నిదుర వచ్చుచున్నచో బండి ప్రక్కకాపి పడుకొనుము, సరకు ఒకపూట ఆలస్యమైన నేను చెప్పుకొందును" అనగల ఓనరు దొరకుట ఆ యింటివారి అదృష్టము. బత్తా బయలుదేరుటకు ముందే చేతిలో పెట్టుట, దెబ్బతిన్న టైరును డ్రైవరు జీతములో కోయకుండుట చిన్న సంగతులే. ఆ చిన్న సంగతులతోనే ఓనరు ఎట్టివాడో తేలును.

లారీలమీద పని నేర్చుకొను పిల్లలు డ్రైవరును "గురువుగారూ" అని పిలుచుట మనము వినుచుందుము. వినుటకు ఇంపైన పిలుపే. సాలూరులో ఆ పిలుపునకు లారీలకంటె పాతదైన చరిత్ర యొకటి కలదు. పట్రాయని నరసింహశాస్త్రిగారు, ఆయన కుమారులు సీతారామశాస్త్రిగారు అను సంగీత విద్వాంసులిరువురు ఈ యూరిపేరనే ప్రసిద్ధులు. తండ్రిని సాలూరు పెద్ద గురువుగారనియు, కుమారుని సాలూరు చిన్న గురువుగారనియు జనులు పిలిచెడివారు. చిన్న గురువుగారు హార్మోనియము తామే వాయించుకొనుచు పాడెడివారు. అటుపిమ్మట వారు విజయనగరములోని మహారాజావారి సంగీత కళాశాలలో గాత్రము బోధించు పండితులైరి. పెద్దరికమునకు మేము చూపదలచిన నిదర్శనము వీరే. కాని వీరి కథకు ముందు ఆ కళాశాల కథ కొంత చెప్పవలెను. ఏలయన ఆ సంస్థ పుట్టుకయే పనివారియెడ ఒక యజమాని చూపిన ఆదరముతో ముడిపడి యున్నది.

విజయనగర సంస్థానమున చాగంటి జోగారావుగారను ఉద్యోగి యుండెడివారు. ఆయన కుమారునికి చూపు లేదు, సంగీతమన్న ప్రాణము. ఆ పిల్లవానికి సంగీతము నేర్పించు ఉపాయమేమని మహారాజు పూసపాటి విజయరామ గజపతిగారు ఆలోచించి, ఆ యొక్క పిల్లవాని నిమిత్తమై మొదలుపెట్టిన ఆలోచన 1919లో కళాశాలగా రూపొందినదని ప్రసిద్ధి. ఉద్యోగి యింటిలోని కష్టము యజమాని చెవిని పడుట ఒక విశేషము. పడిన తరువాత పదిరూపాయలు చేతిలో పెట్టి పంపివేయక, అట్టి పిల్లలందరకు ఉపయోగపడునట్లు ఏర్పాటు చేయుట మరియొక విశేషము. మొదటి అధ్యక్షులుగా హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారిని నియమించిరి.

ఆ సంవత్సరముననే ద్వారము వేంకటస్వామినాయుడుగారు అక్కడకు వచ్చిరి. అప్పటికాయనకు ఇరువదియారేండ్లు నిండలేదు, చూపు మందము. కళాశాలలో విద్యార్థిగా చేరవలెనని వచ్చిరి. ఆయన వాయించిన ఫిడేలు విని అచ్చటి పెద్దలు ఆయనను విద్యార్థిగా చేర్చుకొనలేదు. ఫిడేలు ఆచార్యునిగా నియమించిరి! చేరుటకు వచ్చిన కుఱ్ఱవాడు తమ సరసన కూర్చుండ తగినవాడని గుర్తించుటకు ఎంత పెద్ద మనస్సు కావలెనో చూడుడు. తమకంటె చిన్నవానిని పైకి రానీయని పెద్దలను మనము ఎన్ని ఇండ్లలో, ఎన్ని కచ్చేరీలలో చూడలేదు! కోడలి వంట బాగున్నదని నలుగురిలో అనుటకు నోరు రాని అత్తగారు ఈ వృత్తాంతమును రెండుమారులు చదువుకొనదగును. నాయుడుగారు 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులైరి.

ఇక చిన్న గురువుగారి కథ. కృష్ణాజిల్లా గుడివాడ ప్రాంతమున చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావు చిన్నతనముననే తండ్రిని పోగొట్టుకొనెను. సంగీతము నేర్చుకొనవలెనను పట్టుదలతో, చేతి ఉంగరము అమ్ముకొని ఆ బాలుడు ఎవరి తోడును లేక విజయనగరమునకు వచ్చినాడు. వచ్చునప్పటికి కళాశాలకు వేసవి సెలవులు. అక్కడనే తలదాచుకొనుటకు చోటు దొరకినది. దినమునకొక యింట వారములు చేసికొని తినుచు కాలము గడపుచుండెను.

ఇంతలో తోడి విద్యార్థులు అతనిమీద ఒక నింద మోపిరి. ఊరివారు వారములు నిలిపివేసిరి. కళాశాలలోని చోటును పోయెను. అతని జీవితకథను వ్రాసినవారు ఈ ఘట్టమును రెండు వాక్యములలో దాటిపోవుదురు. మాకు మాత్రము ఇది దాటిపోదగినదిగా తోచలేదు. ఒక బాలుని అన్నమును, గూడును ఒక్క చాడీ తీసివేసినది. ఇంటింట తలుపులు మూసినవారిలో నిజమేమని అతనినే పిలిచి అడిగినవారు ఎంతమంది? ఆ తలుపులు మూసిన చేతులు ఎక్కువ భాగము ఇల్లాండ్రవే యైయుండునని తలచుకొన్నప్పుడు మనసు కలుక్కుమనును.

తరువాత కొందరు సహపాఠులు జాలిపడి డబ్బు పోగుచేసి యీయబోయిరట. జాలిమీద బ్రదుకుట ఇష్టములేక అతడు వెడలిపోయి ఒక గుడిలో తలదాచుకొనెను. అచ్చటనే సీతారామశాస్త్రిగారు ఆ బాలుని చూచి, సంగతి తెలిసికొని, తమ యింట ఉచితముగా సంగీతము చెప్పుటకు అంగీకరించిరి.

శాస్త్రిగారు సంపన్నులు కారు. బాలునికి పాఠము చెప్పగలిగిరి గాని రెండుపూటల భోజనము పెట్టగల స్థితి లేదు. కనుక ఆ బాలుడు జోలె కట్టుకొని మాధుకరమునకు పోయి, దొరకిన అన్నము తిని, వచ్చి పాఠము చెప్పించుకొనెడివాడు. ఆ రోజులలో జోలెలో అన్నము వేసిన తల్లులలో మొదటియామె కళావర్ రింగ్ అను పేరుతో ఆ యూర ప్రసిద్ధికెక్కిన సరిదె లక్ష్మీనరసమ్మగారని విజయనగరమున చెప్పుకొందురు. గొప్పవాడైన తరువాత ఘంటసాల ఆ తల్లిని మరువలేదని కూడ చెప్పుదురు.

శాస్త్రిగారు చేసినదానిలో మాకు కనబడు విశేషమేమనగా, తమ చేత కానిది చేయుదునని బీరములు పలుకలేదు. తమ చేతనైనది చేయుటకు వెనుదీయలేదు. ఊరు వేసిన నింద విని ఆయన కూడ మొగము త్రిప్పుకొనవచ్చును. త్రిప్పుకొనలేదు, ఆ పిల్లవానిని అడిగి తెలిసికొనిరి. భిక్ష తెచ్చుకొను శిష్యుడని తక్కువ పాఠము చెప్పలేదు. సెలవులైన పిమ్మట ఘంటసాల కళాశాలలో చేరి వసతిగృహమున చోటు సంపాదించి, శాస్త్రిగారి శిక్షణలో నాలుగేండ్ల చదువును రెండేండ్లలో పూర్తిచేసెనని ఆయన జీవితకథలు చెప్పుచున్నవి. మెత్తగా నుండు పెద్దల క్రింద పని సాగదనువారికి ఇంతకంటె వేరే సమాధానము వెదకనక్కరలేదు. తమకు గురువన్న సీతారామశాస్త్రిగారేయని ఘంటసాల జీవితాంతము చెప్పుకొనిరి.

ఈ కథకు ఒక తరువాయి కలదు. అది మాకు మరింత ప్రియము. శాస్త్రిగారి కుమారులు సంగీతరావుగారు 1920లో జన్మించినవారు. ఘంటసాలకంటె రెండేండ్లు పెద్ద. ఆ దినములలో ఒకే యింట పాట వినినవారు. చెన్నపురి చిత్రపరిశ్రమలో ఘంటసాల సంగీత దర్శకులైనప్పుడు, ఈ సంగీతరావుగారు చాలయేండ్లు ఆయనకు సహాయకులుగా హార్మోనియముతో తోడైయుండిరి. పని మెట్టుమీద చూచినచో శిష్యుడు పైన, గురుపుత్రుడు క్రింద. ఇట్టి చోట ఎన్ని స్నేహములు విరిగిపోవునో లోకమునెరిగినవారు ఊహించుకొనవలెను. ఇది విరుగలేదు, 1974లో ఘంటసాల కాలధర్మమొందువరకు సాగినది. సంగీతరావుగారు వెంపటి చినసత్యముగారి కూచిపూడి నృత్యనాటకములకు సంగీతము కూర్చి స్వయముగా కీర్తి గడించి, నూరేండ్లు నిండిన పిదప 2021లో పరమపదించిరి. ఇంకొక మాట. ఘంటసాల స్వయముగా సంగీత దర్శకులై యుండియు, ఇతర దర్శకులు కట్టిన వరుసలను వారు చెప్పినట్లు నేర్చుకొని పాడెడివారు. అట్టి దర్శకులలో సాలూరు చెంతనున్న శివరామపురమున జన్మించిన సాలూరి రాజేశ్వరరావుగారొకరు. ఒకచోట పెద్దయై, మరియొకచోట చెప్పినమాట వినువాడై యుండుట అందరకు పట్టుబడు విద్య కాదు.

చెప్పినమాట వినుట యనగా జ్ఞప్తికి వచ్చినది. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఖాదీ ప్రదర్శనమును కూడ ఏర్పరచిరి. దాని వాకిట వలంటీరుగా నిలిచినది పదునాలుగేండ్ల బాలిక. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆమెకిచ్చిన ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూగారు టిక్కెట్టు లేకయే రాగా ఆమె అడ్డుపెట్టినది. నిర్వాహకులు పరుగున వచ్చి ఆమెను కోపించిరి. "మీరు చెప్పినట్లే చేసితిని" అని ఆమె జవాబు. టిక్కెట్టు కొనిన పిమ్మటనే నెహ్రూగారు లోనికి పోయిరి. పైపెచ్చు ఆ బాలిక ధైర్యమును మెచ్చుకొనిరి. ఆ బాలికయే తరువాత 1937లో చెన్నపురిలో ఆంధ్రమహిళాసభకు అంకురార్పణ చేసి, రాజ్యాంగ సభలో సభ్యురాలై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన దుర్గాబాయమ్మగారు.

ఈ కథను చెప్పువారందరు దుర్గాబాయమ్మగారి ధైర్యమునే పొగడుదురు. పొగడదగినదే. అయినను అడ్డగింపబడిన పెద్దమనిషి మొగము మాడ్చుకొనకుండుటయు, తాము పెట్టిన నియమమును పాటించిన పిల్లను నిర్వాహకులు కోపించుటయు గమనింపదగినవి. పెద్దలకు తాము పెట్టిన నియమమే తమ చుట్టములకు అడ్డమైనప్పుడు చేదగును. చీటిలేనిదే సరకు ఈయవద్దని గుమాస్తాకు చెప్పి, తన బావమరది వచ్చినప్పుడు ఈయలేదని అదే గుమాస్తాను తిట్టు వర్తకుడు మన వీధిలో లేడా?

ఇంతవరకు పరుల ముచ్చటలు. మన యింటి వాకిటికి రావలెను. సోదరీమణులలో చాలమంది "మేము ఎవరిమీద పెద్దలము? మేమెక్కడ ఉద్యోగము చేయుచున్నాము?" అని యనుకొందురు. అంట్లు తోమి, బట్టలుతికి పోవు మనిషి యున్న ప్రతి యింటి ఇల్లాలును యజమానురాలే. అక్కడ ఓనరు ఆమెయే, కచ్చేరీ ఆమె వంటిల్లే. ఇతర పనిచోట్లకంటె ఈ పనిచోట ఎక్కువ జాగ్రత్త కావలెను. ఏలయన నాలుగు గోడల నడుమ ఒకరిద్దరే యుందురు, చూచువారు లేరు.

మొదటిది జీతము. ఒకటో తేదీన ఈయవలసినది ఐదున, పదిన ఇచ్చుచు, ఆమె నోరు తెరచి అడుగువరకు మరచినట్లుండుట మర్యాద కాదు. పండుగకు పెట్టిన పాతచీరను జీతములో లెక్కించు వారును కలరు. ఆ చీర సంగతి ఇరుగుపొరుగువారికి మాత్రము దానమని చెప్పుదురు! రెండవది పిలుపు. తల్లివయసు గల మనిషిని "ఏమే, ఒసే" అని మన పసిపిల్లలు పిలుచుచున్నచో ఆ పలుకు వారెక్కడ నేర్చిరో వెదకుటకు దూరము పోనక్కరలేదు. "అమ్మా" అనియో, పేరుపెట్టి మన్ననగానో పిలిచినచో మన సొమ్మేమియు పోదు. సాలూరు సంతకు కొండలనుండి చింతపండో, చీపుళ్లో తలకెత్తుకొని దిగివచ్చు గిరిజన స్త్రీలను పిలుచు పిలుపు విషయమునను మా యభిప్రాయమిదియే. వేరుగా పెట్టిన గ్లాసు సంగతి మేము వ్రాయుటకు సిగ్గగుచున్నది. అది ఏ యింటనైన ఇంకను గోడమీద నున్నచో ఈ దినమే తీసివేయవలెను.

మూడవది అన్నిటికంటె బరువైనది. ఇంట ఉంగరమో, వెండిగిన్నెయో కనబడలేదు. మొదట ఎవరిమీదికి పోవును మన చూపు? వెదకకముందే, అడుగకముందే, పనిమనిషి మీదికి! ప్రక్కింటావిడ "నేననుకొంటూనే యున్నాను" అని ఒక మాట చేర్చును. సాయంకాలమునకు నాలుగిండ్లలో ఆమెకు పని పోవును. గిన్నె మూడవనాడు అటకమీద దొరకును. పోయిన పని మాత్రము తిరిగిరాదు. విజయనగరమున ఒక బాలుని వారములు నిలిచిపోయిన తీరునకును దీనికిని భేదమేమున్నది? ఇల్లంతయు వెదకుట, ఆమెను ఒంటిగా కూర్చుండబెట్టి నెమ్మదిగా అడుగుట, దొరకువరకు పొరుగింట నోరు విప్పకుండుట ఈ మూడును చేయుటకు ఒక్క పూట చాలును.

"చనువిచ్చిన చంకనెక్కుదురు" అను మాట మా చెవిని పడుచునే యున్నది. మన్నించి మాటలాడుట వేరు, పని విడిచిపెట్టుట వేరు. గిన్నెకు జిడ్డు మిగిలినచో చెప్పవలసినదే. చుట్టములు కూర్చున్నప్పుడు కాక, వారు పోయిన తరువాత, ఆ గిన్నె చూపి, గిన్నె మాట మాత్రము చెప్పవలెను. ఆమె కులము, ఆమె పెనిమిటి త్రాగుడు, పోయిన నెల చేసిన నాగా ఆ గిన్నెలోనికి రాగూడదు.

సెలవు సంగతి. 2011లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థవారు ఇంటిపనివారిని గూర్చి 189వ ఒడంబడికను ఆమోదించి, వారమునకు ఎడతెగక 24 గంటల విశ్రాంతి యుండవలెనని నిర్ణయించిరి. భారతదేశము దీనిని ఇంకను ధ్రువపరుపలేదు. దేశము ధ్రువపరచువరకు వేచియుండవలసిన అక్కర ఇల్లాలికి లేదు. ఆదివారమునాడు అంట్లు ఇంటివారందరు తలకొకటి కడుగుకొనినచో గడియలో తీరును. మగపిల్లలకు కూడ చేతులున్నవి.

కడపట మరియొక సంగతి తెలిసియుండవలెను. పనిచోట స్త్రీలయెడ జరుగు లైంగిక వేధింపులను గూర్చి సర్వోన్నత న్యాయస్థానము 1997లో విశాఖా తీర్పున మార్గదర్శకములు నిర్ణయింపగా, 2013లో పార్లమెంటు చట్టము చేసినది. పదిమంది గాని అంతకెక్కువగాని పనివారు గల ప్రతి సంస్థలోను ఒక అంతర్గత సంఘముండవలెను. దానికి పెద్ద స్త్రీయే కావలెను. ఇంటిపని చేయు స్త్రీ కూడ ఈ చట్టము క్రిందికి వచ్చును. ఆమె వంటివారి కొరకును, చిన్న దుకాణములలో పనిచేయువారి కొరకును ప్రతి జిల్లాకు ఒక స్థానిక సంఘమును ఏర్పరుపవలెనని నియమము. ఫిర్యాదును సంఘటన జరిగిన మూడు మాసములలోపల ఈయవలెను. తగిన కారణమున్నచో సంఘమువారు ఇంకొక మూడు మాసములు గడువు పెంపవచ్చును. ఫిర్యాదు వ్రాతమూలముగా నుండవలెను. వ్రాయలేని స్త్రీకి సంఘమువారే వ్రాయుటకు తోడ్పడవలెనని చట్టములో నున్నది. అయినను జిల్లా కచ్చేరీ మెట్లెక్కుటకే జంకు మనిషికి, ముందుగా తాను పనిచేయు యింట కూర్చుండి, వ్రాతవచ్చిన అమ్మగారిచేత జరిగినదంతయు తేదీతో సహా వ్రాయించుకొను వీలున్నచో సగము భయము అక్కడనే తీరును.